హనుమంతుని మూడు వేదనలు

ఆపద చుట్టుముట్టినపుడు సుందరకాండను పారాయణము చేయుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పెండ్లి కుదరని కన్యను ఇంట నుంచుకొన్న తల్లిదండ్రులు, వ్యాజ్యములలో చిక్కుకొన్న గృహస్థులు, రోగి మంచము ప్రక్కన రాత్రులు గడపువారు, పరీక్ష వ్రాసి ఫలితమునకై ఎదురుచూచు విద్యార్థులు, ఎందరెందరో ఈ కాండను ఆశ్రయించుచుందురు. 2020వ సంవత్సరమున కొవిడ్ మహమ్మారి ప్రబలిన దినములలో తిరుమల నాదనీరాజన వేదికపై సుందరకాండ పారాయణము జరిగినపుడు, ఇండ్ల తలుపులు మూసికొని కూర్చున్న భక్తులు టెలివిజన్ ఎదుట పుస్తకములు పట్టుకొని దానిననుసరించిరి. భయపడిన మనస్సునకు ఈ కాండ ఊరటనిచ్చునను విశ్వాసము నేటికిని చెక్కుచెదరలేదు.

ఈ ఊరటకు కారణమేమి? హనుమంతుడు మహాబలుడు, సముద్రమును లంఘించినవాడు, లంకిణిని అణచినవాడు, అక్షకుమారుని సంహరించినవాడు. అట్టి వీరుని కథ విన్నచో ధైర్యము కలుగునని సాధారణముగా చెప్పుదురు. ఇది సత్యమే. కాని ఇది సగము మాత్రమే. వాల్మీకి మహర్షి అరువదియెనిమిది సర్గల ఈ కాండలో ఆ మహావీరుని మనస్సు కుంగిపోయిన ఘట్టములను గూడ దాచక వర్ణించెను. పదునొకండవ సర్గలో ఒకమారు, పదుమూడవ సర్గలో ఒకమారు, ఏబదియైదవ సర్గలో ఒకమారు హనుమంతుడు తీవ్రమైన మనోవేదనకు లోనయ్యెను. నూరు యోజనముల సముద్రమును దాటుటకంటె ఈ మూడు వేదనలను దాటుటయే ఆ మహాత్మునికి కష్టమైనదేమో యని తోచునంత విపులముగా కవి వానిని చిత్రించినాడు.

పరిశీలించినచో ఈ మూడును ఒక్కటి కావు. మొదటిది, 'తప్పు చేసితినేమో' యను శంక. రెండవది, 'ఇక ఏమి జరుగునో' యను భయము. మూడవది, 'తప్పు చేసితిని' యను పశ్చాత్తాపము. లోకులు ఈ మూడింటిని కలిపి దిగులు అనియో బెంగ అనియో ఒకే పేర పిలుతురు. ఆధునిక మానసిక చికిత్సకులు మాత్రము వీనిని వేరుచేసి చూడవలెననియు, ఒకదాని మందు మరియొకదానికి వాడినచో వ్యాధి ముదురుననియు చెప్పుచున్నారు. ఇరువదవ శతాబ్దమున వైద్యులు రోగుల చెంత కూర్చుండి తెలిసికొన్న ఈ భేదము ఆదికావ్యమున హనుమంతుని హృదయమందే గోచరించుట భక్తులు గ్రహింపదగిన విశేషము.

చేయని తప్పునకు తల వంచుట

మొదటి వేదన రావణుని అంతఃపురమున కలిగినది. సీతాదేవిని వెదకుచు హనుమంతుడు అర్ధరాత్రమున అచ్చట ప్రవేశించెను. మద్యపానముచేత ఒడలెరుగక, ఆభరణములు చెదరి, వస్త్రములు తొలగి నిద్రించుచున్న వేలకొలది స్త్రీలను ఒక్కొక్కరినే పరికించెను. అట్లు చూచి చూచి ఉన్నట్లుండి ధర్మభయముచే కలవరపడెను. నిద్రించుచున్న పరస్త్రీలను చూచుట తన ధర్మమునకు లోపము కలిగించునుగదా యని ఆ బ్రహ్మచారి చింతించెను.

ఇచ్చట ఆతడు చేసిన పని గమనింపదగినది. ఆ శంకను బలవంతముగా త్రోసివేయలేదు. దానికి లొంగి వెనుదిరిగి పోవనూ లేదు. దానిని ఎదుట నిలిపి విచారించెను. చూచిన మాట నిజమే. కాని ఆ చూపువలన తన మనస్సులో ఏ వికారమైనను కలిగినదా యని ప్రశ్నించుకొనెను. ఇంద్రియములను మంచికిగాని చెడుగునకుగాని నడపునది మనస్సు. ఆ మనస్సు నిశ్చలముగనే యున్నదని కనుగొనెను. పిమ్మట, తప్పిపోయిన స్త్రీని స్త్రీల నడుమ గాక లేళ్ల గుంపులో వెదకుట ఎట్లు సాధ్యమని ఆలోచించెను. సాక్ష్యమును చూచెను, కర్తవ్యమును చూచెను, తీర్పు చెప్పుకొనెను. అంతటితో ఆ వ్యవహారమును ముగించి తిరిగి వెదకుటకు పూనుకొనెను.

అపరాధము వేరు, అపరాధభావము వేరు. తప్పు చేసియు ఏ బాధయు లేనివారు కలరు. ఏ తప్పును చేయకయే కుమిలిపోవువారును కలరు. వియన్నా నగరమున మనోవిశ్లేషణ శాస్త్రమును స్థాపించిన సిగ్మండ్ ఫ్రాయిడ్ (1856–1939) మనుష్యుని లోపల ఒక న్యాయాధిపతి కూర్చుండి నిరంతరము తీర్పులు చెప్పుచుండునని వర్ణించెను. ఆతడు 1930లో ప్రకటించిన గ్రంథమున గుర్తించిన వింత యేమనగా, మనుష్యుడు ఎంత సచ్ఛీలుడైన ఈ న్యాయాధిపతి అంత కఠినుడగుచుండును. దొంగను వదలిపెట్టి సాధువును దండించుట ఈ న్యాయస్థానపు రీతి. మతము విషయమున ఫ్రాయిడ్ అభిప్రాయములను భక్తులు అంగీకరింపనక్కరలేదు. కాని ఈ ఒక్క పరిశీలన సత్యమని భక్తుల గృహములే సాక్ష్యమిచ్చును.

మడి కట్టుకొని వంట చేయు ఒక గృహిణి ఉన్నదనుకొందము. గుడ్డ దేనికో తగిలెనేమో యని శంకించి మరల స్నానము చేయును. స్నానము సరిగా కాలేదేమో యని మరియొకమారు చేయును. జపము చేయువాడొకడు మంత్రములో అక్షరము తప్పెనని తలచి మొదటినుండి ప్రారంభించును. నూటయెనిమిది పూర్తికాకయే మధ్యాహ్నమగును. దేవుని పటము ఎదుట నిలుచున్నపుడు దుష్టమైన ఆలోచన ఒకటి మెరసినదని వేరొకడు నెలలతరబడి వణకిపోవును. ఇంటివారు దీనిని చాదస్తమని నవ్వుదురు, లేదా భక్తి ముదిరినదని మెచ్చుకొందురు. ఇది చాదస్తమును కాదు, భక్తియును కాదు. వైద్యులు దీనిని ఓ.సి.డి. యని పేర్కొందురు. ఇట్టివారిని చుట్టుపట్లవారు 'ఏమియు దోషము లేదులే' యని ఎన్నిమార్లు ఊరడించినను ఆ ఊరట గడియసేపే నిలుచును. లండన్ నగరమున విక్టర్ మేయర్ అను చికిత్సకుడు 1966లో ప్రకటించిన పద్ధతి ఈ వ్యాధికి గొప్ప మార్గము చూపినది. రోగి తాను భయపడుదానిని క్రమక్రమముగా ఎదుర్కొనవలెను; ఎదుర్కొని, మరల కడుగుట, మరల లెక్కించుట, మరల అడుగుట అను పనులు చేయక నిలువవలెను. అట్లు నిలిచినచో మొదట పెరిగిన ఆందోళన తనంత తానే తగ్గును. అవసరమైనవారికి మందులును ఉపకరించును.

అంతఃపురమున హనుమంతుడు చేసినది ఇట్టిదే. ఒక్కమారు విచారించెను, రెండవమారు ఆ ప్రశ్నను తెరవలేదు. పూజాంతమున అపరాధక్షమాపణ ప్రార్థనను మన పెద్దలు నియమించుటలోని మర్మము గూడ ఇదియే. మంత్రములో, క్రియలో, భక్తిలో లోపములుండునని ఆ ప్రార్థన ముందుగనే అంగీకరించును. ఆ లోపములతోనే పూజ పరిపూర్ణమగుగాక యని స్వామిని వేడుకొనును. క్షమాపణ చెప్పిన పిమ్మట పూజను మరల మొదలుపెట్టుమని ఏ పద్ధతియు విధింపలేదు. తీర్థము పుచ్చుకొని లేచుటయే విధి. లేవకుండుట ఆ ప్రార్థనను వినినవానిపై అవిశ్వాసము.

రాని ఆపదల గొలుసు

రెండవ వేదన మొదటిదానికంటె భయంకరమైనది. లంక అంతయు వెదకినను సీత కనబడలేదు. హనుమంతుడు ప్రాకారముపై కూర్చుండి ఆలోచింపసాగెను. ఆకాశమార్గమున తెచ్చునపుడు ఆమె సముద్రమున పడియుండునా? రాక్షసులు భక్షించియుందురా? రాముని తలచుచు ప్రాణములు విడిచియుండునా? ఇట్లు మొదలైన ఆలోచన గొలుసువలె సాగినది. సీత కానరాలేదని చెప్పినచో రాముడు జీవింపడు. రాముడు లేనిచో లక్ష్మణుడు జీవింపడు. ఆ వార్త విని భరతుడును, భరతుని చూచి శత్రుఘ్నుడును మరణింతురు. కుమారులు పోయిన తల్లులు ముగ్గురు బ్రతుకరు. మిత్రుని దుఃఖము చూడలేక సుగ్రీవుడు, ఆతని కొరకు రుమ, ఇదివరకే వాలిని కోల్పోయిన తార, తల్లిని కోల్పోయి అంగదుడు, ప్రభువులను కోల్పోయి వానరులందరు నశింతురు. ఒక్క 'కనబడలేదు' అను మాటనుండి అయోధ్యయు కిష్కింధయు శ్మశానములైనవి. కావున తాను తిరిగి పోరాదని, వానప్రస్థుడై కాలము గడపవలెనని, కాదేని అగ్నిలోనో జలములోనో దేహమును విడువవలెనని ఆతడు తలచెను.

ఈ ఘట్టమును నెమ్మదిగా చదివినవారికి ఒక సత్యము స్ఫురించును. ఆ గొలుసులోని ఒక్క మరణమును సంభవింపలేదు. ఆ క్షణమున సీత సజీవురాలై, ఆతడు కూర్చున్న చోటికి కొలదిదూరముననున్న అశోకవనమున శింశుపావృక్షము క్రింద ఉన్నది. హనుమంతుడు ఆబద్ధమాడలేదు, బుద్ధిహీనుడును కాడు, నవవ్యాకరణపండితుడని పేరొందినవాడు. అట్టివాని బుద్ధియే భయమునకు వశమైనపుడు 'ఒకవేళ' అను మాటను 'తప్పక' అను మాటగా మార్చివేసినది.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున పనిచేసిన మనోవైద్యుడు ఆరన్ బెక్ (1921–2021) 1960వ దశకమున తన రోగుల మాటలను శ్రద్ధతో విని ఒక విషయమును కనిపెట్టెను. బాధ కలుగుటకు ముందు మనస్సున కొన్ని ఆలోచనలు మెరుపువలె పుట్టుచున్నవి. అవి ఎంత వేగముగా పుట్టుననగా, అవి ఆలోచనలని రోగి గుర్తింపకయే వానిని సత్యములుగా స్వీకరించును. గోరంత సూచన కొండంత వినాశముగా కనబడును. ఆల్బర్ట్ ఎల్లిస్ (1913–2007) అను మరియొక చికిత్సకుడును ఈ గుణమునే ఎత్తిచూపెను. వీరి మార్గమే నేడు కాగ్నిటివ్ థెరపీ యను పేర వ్యాపించినది. రోగిని ఓదార్చుటతో సరిపెట్టక, చికిత్సకుడు ఆతనితో కలిసి మూడు ప్రశ్నలను విచారించును. ఈ భయమునకు సాక్ష్యమేమి? ఈ సంగతికి వేరొక అర్థము ఉండరాదా? ఒకవేళ జరిగినను చేయదగినదేమి?

వాల్మీకి హనుమంతుడు ఈ ఊబినుండి ఎట్లు బయటపడెను? మరణమున దోషములు పెక్కు కలవనియు, జీవించియున్నవానికే శుభము లభించుననియు మొదట నిశ్చయించుకొనెను. బలము రాకమునుపే, సీత కనబడకమునుపే, భయము తీరకమునుపే చేసిన నిశ్చయమిది. పిమ్మట కన్నులెత్తి చూచెను. పెద్దపెద్ద వృక్షములతో నిండిన అశోకవనము కనబడినది. ఇది ఇంకను వెదకలేదు గదా యని అనుకొనెను. అయోధ్య యేమగును, కిష్కింధ యేమగును అను మహాప్రశ్నలను విడిచి, ఎదుటనున్న ఒక్క తోటను చూచెను. వసువులకు, రుద్రులకు, ఆదిత్యులకు, అశ్వినులకు, మరుత్తులకు నమస్కరించెను. రామలక్ష్మణులకును సీతకును మ్రొక్కెను. మ్రొక్కి అచ్చటనే కూర్చుండలేదు. తోటవైపు కదలెను.

ప్రార్థన, తరువాత ఒక చిన్న పని. ఆందోళనకు చికిత్సకులు చెప్పు ఉపాయము ఇంతకు మించినది కాదు. చింతించువాని మనస్సు రాబోవు పదిసంవత్సరములలో తిరుగుచుండును. చేతులు మాత్రము ఖాళీగా నుండును. చేతికి అందిన పనిని చూపినచో మనస్సు ఇంటికి వచ్చును. చితికిని చింతకును సున్న ఒక్కటే భేదమని పెద్దలు చమత్కరింతురు. ఒకటి మృతుని దహించును, మరియొకటి జీవించియున్నవానిని దహించును. ఆ రెండవ అగ్ని హనుమంతుని గూడ తాకినదని తెలిసికొన్నవాడు తన దుర్బలత్వమునకు సిగ్గుపడడు.

ఒక మాట ఇచ్చట స్పష్టముగా చెప్పవలసియున్నది. దేహమును విడువవలెనను తలంపు హనుమంతునికే కలిగినదని చదివినపుడు, ఇంటిలో అట్టి మాట ఎవరి నోటనైన వెలువడినచో అది భక్తిలోపమనియో బెదిరింపనియో తోసివేయరాదు. వారిని ఒంటరిగా విడువక, తక్షణమే వైద్యుని చెంతకు చేర్పవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడి సహాయము పొందవచ్చును. అది హనుమంతుని కంటికి అశోకవనము కనబడుటవంటిది. ఇంకను వెదకని చోటు ఒకటి కలదని తెలియుటయే ప్రాణమును నిలుపును.

చేసిన తప్పు

మూడవ వేదన వేరు. ఇచ్చట తప్పు నిజమైనదే. తోకకు నిప్పు పెట్టిన రాక్షసులపై కోపముతో హనుమంతుడు లంకను దహించెను. తోకను సముద్రజలమున ముంచి చల్లార్చుకొని వెనుకకు తిరిగి చూచెను. నగరమంతయు మండుచున్నది. అప్పుడు మెరుపువలె తోచినది: ఈ నగరములోనే కదా సీత యున్నది! ఏ తల్లికొరకు సముద్రమును దాటి వచ్చెనో ఆ తల్లిని తన చేతులతోనే దహించితినని ఆతని గుండె జారినది.

ఇచ్చట హనుమంతుడు రాక్షసులను నిందింపలేదు. తోకకు నిప్పు ముట్టించినది వారేకదా యని తప్పుకొనలేదు. కోపమే ఈ పని చేయించినదని గుర్తించెను. మండు అగ్నిని నీటితో ఆర్పినట్లు పుట్టిన కోపమును బుద్ధితో ఆర్పగలవారే ధన్యులని తలచెను. సర్పము కుబుసమును విడిచినట్లు కోపమును ఓర్పుతో విడువగలవాడే పురుషుడని ఎరిగెను. ఇంతవరకు ఇది ఉత్తమమైన పశ్చాత్తాపము. కాని మరుక్షణముననే ఆ పశ్చాత్తాపము దారి తప్పినది. తాను మూఢుడనని, సిగ్గులేనివాడనని, పాపులలో పాపియనని, తన కపిత్వమును లోకమునకు చాటుకొంటినని ఆతడు తన్ను తాను తిట్టుకొనసాగెను. పూర్వపు మరణముల గొలుసు మరల తెగబారినది. అగ్నిలో దుముకుదునా, సముద్రజంతువులకు ఆహారమగుదునా యని తలచెను.

'ఈ పని చెడ్డది' అనుట ఒకటి. 'నేనే చెడ్డవాడను' అనుట మరియొకటి. అమెరికా మనస్తత్వవేత్త హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో ప్రకటించిన గ్రంథమున ఈ భేదమును విశదీకరించెను. మొదటి భావము చేసిన పనిని చూచును. కావున దానిని సరిదిద్దుటకు పురికొల్పును. రెండవ భావము చేసినవాని స్వరూపమునే చూచును. కావున దాగుకొనుటకో నశించుటకో పురికొల్పును. మొదటిదానివలన తప్పు తీరును. రెండవదానివలన తప్పు అట్లే మిగిలి, మనుష్యుడు మాత్రము తరిగిపోవును.

ధర్మశాస్త్రములు ప్రాయశ్చిత్తమును విధించిన తీరు ఈ భేదమునకు అనుగుణముగా నున్నది. చేసిన పాపమును వెల్లడించుట, పశ్చాత్తాపము, తపస్సు, అధ్యయనము, దానము పాపవిమోచనమార్గములని మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున చెప్పబడినది. ఇకపై అట్లు చేయనని నివృత్తుడగుట అచ్చటనే పేర్కొనబడినది. వీనిలో తన్నుతాను తిట్టుకొనుట యనునది ఎచ్చటను లేదు. ప్రాయశ్చిత్తమునకు ఆరంభమున్నట్లే అంతమును కలదు. ఇన్ని దినములు, ఇంత ఉపవాసము, ఇంత దానము అని కొలత యున్నది. కొలత ముగిసిన దినమున ఆతడు అందరితో సమానముగా పంక్తిలో కూర్చుండవచ్చును. ముగింపులేని ప్రాయశ్చిత్తమును శాస్త్రము విధింపలేదు; దానిని విధించునది లోపలి న్యాయాధిపతి మాత్రమే.

హనుమంతునికి సరియైన దారి క్రమముగా కనబడినది. ముందు కనబడిన శుభశకునములు స్మరణకు వచ్చినవి. తన తోకనే దహింపని అగ్ని ఆ మహాసాధ్విని ఎట్లు దహించును? స్వతేజస్సుచే రక్షింపబడు తల్లిని అగ్ని తాకజాలదు. ఇది వేరొక అర్థమును వెదకుట. పిమ్మట ఆకాశమున చారణుల మాటలు వినబడినవి. లంక అంతయు కాలినను జానకి కాలలేదని వారు ఆశ్చర్యపడుచుండిరి. అయినను ఆతడు ఆ మాటతోనే సరిపెట్టుకొనక, స్వయముగా పోయి ఆ తల్లిని దర్శించి మరి పోవలెనని నిశ్చయించెను. శింశుపావృక్షము క్రింద క్షేమముగానున్న దేవిని చూచి నమస్కరించెను. ఎవరికి కీడు జరిగినదని భయపడెనో వారి యెదుటికే పోయి నిలిచెను. ఒక్కమారు చూచెను, తృప్తుడయ్యెను, సముద్రముపై ఎగసెను.

నిజముగా తప్పు చేసినవాడు చేయవలసినది ఇంతియే. ఎవరికి కీడు చేసెనో వారిని సమీపింపవలెను. కోపమున తమ్ముని ఇంటినుండి వెడలగొట్టినవాడు నూరు ప్రదక్షిణములు చేసినను ఆ తమ్ముని గడప త్రొక్కనిదే మనశ్శాంతి పొందడు. ఆలయము ఆతనికి ఆ గడపవరకు నడచు బలము నిచ్చును. ఆ నడకను తప్పించు ఉపాయము నీయదు.

తీర్చుకొనలేని ఋణములు

కొన్ని అపరాధభావములకు పోయి నిలువదగిన గడప లేదు. 2020, 2021 సంవత్సరములలో ఎందరో తల్లిదండ్రులు ఆసుపత్రులలో ఒంటరిగా కన్నుమూసిరి. అమెరికాలోను గల్ఫ్ దేశములలోను ఉన్న కుమారులు విమానములు నిలిచిపోయి రాలేకపోయిరి. అంత్యక్రియలను టెలిఫోను తెరపై చూచినవారు కలరు. అదియు చూడనివారు కలరు. 'ఒకదినము ముందుగా ఆసుపత్రికి చేర్చియుండిన', 'ఆ ఉద్యోగమునకు పోకుండియుండిన' అను మాటలు వారి గుండెలలో నేటికిని మెదలుచునేయున్నవి.

బరూచ్ ఫిష్‌హాఫ్ అను శాస్త్రజ్ఞుడు 1975లో ప్రకటించిన పరిశోధన ఇట్టివారికి ఉపకరించును. ఫలితము తెలిసిన పిమ్మట, అది ముందుగనే తెలిసియుండవలసినదని మనుష్యులు భ్రమింతురని ఆతడు నిరూపించెను. నేటి జ్ఞానముతో నిన్నటి తన్ను దండించుట న్యాయము కాదు. నిన్న ఆ కుమారునికి తెలిసినదెంతయో, ఆతని చేతనున్నదెంతయో అంతవరకే ఆతని బాధ్యత. మిగిలినది దుఃఖము. దుఃఖమును దుఃఖముగా అనుభవించుటకంటె నేరముగా మోయుట మనస్సునకు ఒక్కొక్కప్పుడు సులభమని తోచును. నేరమున్నచోట తన చేతిలో ఏదియో ఉండెనను భ్రాంతి మిగులునుగదా! ఆ భ్రాంతిని విడిచి ఏడ్చినవాడే తేరుకొనును.

శాస్త్రము గూడ ఇట్టివారికి తలుపు మూయలేదు. కుమారుడు రాలేనిచోట మరియొకరు కర్తయగుటకు అనుమతించినది. ప్రతిసంవత్సరము ఆబ్దికమును, భాద్రపద బహుళపక్షమున మహాలయమును ఏర్పరచి, ఒకనాడు చేయలేకపోయినదానిని ఏటేట చేయు అవకాశమును ప్రసాదించినది.

మొక్కుల విషయమును ఇట్టిదే. తలనీలాలు ఈయలేదు, ముడుపు చెల్లింపలేదు, కావుననే బిడ్డకు జ్వరము వచ్చినదని వణకు తల్లులు కలరు. ఏడుకొండలవానిని వడ్డికాసులవాడని పిలుచుట ఈ భయమును పెంచుచున్నది. కాని ఆ పేరు వెనుకనున్న కథను మరువరాదు. పద్మావతీదేవిని పరిణయమాడుటకై శ్రీనివాసుడు కుబేరునివద్ద ఋణము చేసెననియు, కలియుగాంతమువరకు వడ్డి చెల్లించుచుండుననియు వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది. అనగా భక్తుడు భయపడుచున్నది ఒక ఋణదాతను చూచి కాదు. తనవలెనే అప్పుపడినవానిని చూచి. ఋణగ్రస్తుని నిద్రలేమి ఆ స్వామికి తెలియనిది కాదు. శక్తి కలిగినపుడు మొక్కు చెల్లింపవచ్చును. ఆలస్యమైనందుకు పసిబిడ్డపై కక్ష తీర్చుకొనువాడు ఆ కొండపై లేడు.

జాంబవంతుని స్థానము

మనోవైద్యుని ఆశ్రయించుట దైవముపై విశ్వాసము లేకపోవుటయని కొందరు తలంతురు. రామాయణము ఈ తలంపును సమర్థింపదు. కిష్కింధాకాండ చివర సముద్రతీరమున వానరులందరు నిరాశతో కూర్చుండినపుడు హనుమంతుడు ఒక ప్రక్క మౌనముగా నుండెను. వృద్ధుడైన జాంబవంతుడు ఆతని చెంతకు పోయి ఆతని పుట్టుకను, బాల్యమును, బలమును జ్ఞాపకము చేసెను. జాంబవంతుడు బలము నీయలేదు. ఉన్న బలమును గుర్తుచేసెను. మంచి చికిత్సకుని పని ఇదియే. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థయందు గాని, హైదరాబాదు ఎర్రగడ్డలోను విశాఖపట్టణములోను ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలయందు గాని చికిత్స పొందుట అవమానకరము కాదు. మానసిక చికిత్స పొందుట ప్రతి పౌరుని హక్కని 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకటించినది. అర్చకుడు తీర్థమిచ్చును, వైద్యుడు మందిచ్చును, రెండును ఒకే స్వామి చేతులనుండి వచ్చుచున్నవని భక్తుడు గ్రహింపవలెను.

సుందరకాండ చివరిభాగమున ఒక చిన్న సంగతి కలదు. మహేంద్రగిరిపై దిగిన హనుమంతుని చుట్టు వానరులు ఆనందముతో గుమిగూడిరి. జరిగినదంతయు చెప్పుమని జాంబవంతుడు అడిగెను. అప్పుడు హనుమంతుడు సముద్రలంఘనమును చెప్పెను, సీతాదర్శనమును చెప్పెను, అక్షుని వధను చెప్పెను. లంకను దహించిన పిమ్మట సీత కాలిపోయినదని తాను భయపడుటయు, రామకార్యమును చెరచితినని శోకించుటయు గూడ దాచక చెప్పెను. జయజయధ్వానముల నడుమ ఆ మాటను విడిచిపెట్టినచో అడుగువారెవరును లేరు. అయినను చెప్పెను. జాంబవంతుడు వినెను. ఆ మాట విన్నందువలన ఏ వానరుడును హనుమంతుని తక్కువగా చూడలేదు.

ప్రతి ఇంటను అట్లు చెప్పుకొనుటకు ఒక హనుమంతుడును, వినుటకు ఒక జాంబవంతుడును ఉందురుగాక. తప్పులెన్నక దాసుల నేలు శ్రీనివాసుడు సర్వులకు నిర్భయమైన మనస్సును ప్రసాదించుగాక.